డిగ్రీ మొదటి ఏడాది పిల్లలకు అకడమిక్ ఇంగ్లిష్ ఎలా చెప్పాలి: తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల డిగ్రీ కాలేజీల్లో కొత్తగా చేరిన ఇంగ్లిష్ లెక్చరర్లు, గెస్ట్ ఫ్యాకల్టీ ఫోన్ చేసి అడిగే సందేహాలు ఏటా దాదాపు అవే. ఒక్కొక్కరికీ చెప్పి చెప్పి విసుగొచ్చి ఇక్కడ రాసి పెట్టాను. ప్రశ్నలు మీరు అడిగిన మాటల్లోనే ఉన్నాయి. జవాబులు నా క్లాసులో పనికొచ్చినవి, కొన్నిచోట్ల దెబ్బతిని నేర్చుకున్నవి.

## క్లాసు మొదలుకాక ముందు

అకడమిక్ ఇంగ్లిష్ అంటే స్పోకెన్ ఇంగ్లిషే కదా సార్, కాస్త గ్రామరు ఎక్కువ ఉంటుంది, అంతేనా?

కాదు. శ్రీకాకుళం కాంప్లెక్స్ దగ్గర ఎవరైనా ఇంగ్లిష్‌లో అరసవల్లి దారి అడిగితే చెయ్యి చూపించి నాలుగు ముక్కలు అంటే చాలు, పని జరిగిపోతుంది. ఎదుటి మనిషి ముఖం, చూపు, చెయ్యి అన్నీ సాయపడతాయి. ఎకనామిక్స్ పుస్తకంలో డిమాండ్ గురించి పేరా చదివేటప్పుడు అక్షరాలు తప్ప ఇంకేదీ సాయానికి రాదు. కెనడాలో పనిచేసిన భాషా పరిశోధకుడు జిమ్ కమిన్స్ 1979లో ఈ రెంటినీ వేరుచేసి పేర్లు పెట్టాడు. అక్కడికి వలస వచ్చిన పిల్లలకు మాట్లాడే ఇంగ్లిష్ రెండేళ్లకే పట్టుబడింది, చదువుకు కావలసిన ఇంగ్లిష్‌కు మాత్రం ఐదు నుంచి ఏడేళ్లు పట్టింది. కాబట్టి గడగడా మాట్లాడే కుర్రాడు ఇంటర్నల్స్‌లో పేరా రాయలేకపోతే వాణ్ని అనుమానించకండి. వెనక బెంచీలో నోరు మెదపని పిల్ల చక్కగా రాసుకొస్తే ఆ పిల్లనీ అనుమానించకండి. నేను ఒకసారి అనుమానించాను. ఎవరి దగ్గర చూసి రాశావని అందరి ముందూ అడిగాను. ఆ పిల్ల ఆ సెమిస్టరంతా నా క్లాసులో తల ఎత్తలేదు.

ఇంటర్ దాకా తెలుగు మీడియం. ఇక్కడ ఒక్కసారిగా అన్నీ ఇంగ్లిష్. వాళ్లెలా తట్టుకుంటారు?

మన రాష్ట్రంలో 2021-22 నుంచి డిగ్రీ కోర్సులన్నీ ఇంగ్లిష్ మీడియంలోకి మారాయి. అంతకుముందు ఇంగ్లిష్ ఒక పేపరు మాత్రమే, ఎలాగోలా గట్టెక్కేవారు. ఇప్పుడు మన క్లాసు సరిగ్గా సాగకపోతే ఆ పిల్ల వృక్షశాస్త్రంలోనూ పోతుంది, చరిత్రలోనూ పోతుంది. అందుకే మొదటి వారమే బోటనీ, కామర్స్, హిస్టరీ లెక్చరర్ల దగ్గరికి వెళ్లి వాళ్లు ఈ నెలలో చెప్పబోయే పాఠం నుంచి ఒక్కో పేజీ జిరాక్సు తెచ్చుకోండి. మన సిలబస్ పుస్తకంలోని కథలూ పద్యాలూ ఎటూ చెప్తాం. చదవడం, నోట్సు రాయడం నేర్పడానికి మాత్రం ఆ జిరాక్సులే పనికొస్తాయి.

మొదటి రోజు వాళ్ల లెవెల్ ఎలా తెలుసుకోవాలి? ఏదైనా టెస్టు పేపరు ఉందా?

గ్రామరు బిట్లు ఇవ్వకండి. బిట్లలో వందకు ఎనభై తెచ్చుకునేవాళ్లు మన పిల్లల్లో చాలామంది, దాంతో ఏమీ తేలదు. అరగంటలో మూడు పనులు చేయించండి. వాళ్ల మేజర్ సబ్జెక్టు పుస్తకం నుంచి పది లైన్లు ఇచ్చి తెలియని పదాల కింద గీత గీయమనండి. ఇంటి నుంచి కాలేజీకి ఎలా వచ్చారో ఐదు వాక్యాలు ఇంగ్లిష్‌లో రాయమనండి. చివర, ఆ పది లైన్లలో ఏముందో తెలుగులో రాయమనండి.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం. తెలుగులో సరిగ్గా రాసినవాడికి భాషే అడ్డం. తెలుగులోనూ రాయలేనివాడికి చదివినదాన్ని కుదించి చెప్పడం అలవాటు లేదు. ఇద్దరికీ వైద్యం వేరు.

క్లాసులో తెలుగు మాట్లాడితే ప్రిన్సిపాల్ గారు ఒప్పుకోరు. మానెయ్యాలా?

మానెయ్యక్కర్లేదు. ఎప్పుడు తెలుగు, ఎప్పుడు ఇంగ్లిష్ అన్నది మాత్రం ముందే తేల్చుకోండి. నేను పాటించే లెక్క ఇది. ఏం చెయ్యాలో చెప్పేటప్పుడు ఇంగ్లిష్: పుస్తకం తెరవండి, గీత గీయండి, పక్కవాళ్లతో సరిచూసుకోండి. రోజూ అవే మాటలు కాబట్టి రెండు వారాల్లో అలవాటైపోతాయి. ఎందుకు ఇలా రాస్తారు అన్న వివరణ తెలుగులో. సందేహం ఏ భాషలో అడిగినా సరే.

ఇంకో సంగతి. మన పిల్లలకు ‘తెలుగు’ అంటే కూడా ఒకటి కాదు. ఇంట్లో ‘ఏటి, బేగి రా’ అంటారు. బడిలో ఆ మాటలకు నవ్వితే పుస్తకాల తెలుగు తెచ్చిపెట్టుకున్నారు. ఇచ్ఛాపురం వైపు నుంచి వచ్చేవాళ్లలో కొందరికి ఇంటి భాష ఒడియా. ఏజెన్సీ నుంచి వచ్చేవాళ్లలో సవర మాట్లాడేవాళ్లు ఉంటారు. వాళ్లకు మన ఇంగ్లిష్ మూడో మెట్టు, ఒక్కోసారి నాలుగోది. శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు సవర నేర్చుకుని, సవర పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పించాడు. ఆయన పుట్టినరోజున మనం ఏటా దండలు వేస్తాం. ఆగస్టు 29న దండ వేసి, 30న ‘నో తెలుగు’ అని బోర్డు పెట్టిన కాలేజీలో నేను పనిచేశాను.

## మొదటి నెల

గ్రామరు మొదటి నుంచీ చెప్పాలా? పార్ట్స్ ఆఫ్ స్పీచ్ కూడా సరిగా రావు.

ఆరో తరగతి నుంచి ఏటా జూన్‌లో పార్ట్స్ ఆఫ్ స్పీచే మొదలయ్యాయి వాళ్లకు. ఇన్నేళ్లలో రానిది మీ దగ్గర పది రోజుల్లో రాదు. వాక్యంలో క్రియ ఏది, కర్త ఎవరు అన్న రెండు ప్రశ్నలతో నెల నడపండి. మిగతావి రాతలో తప్పు దొర్లినప్పుడు అక్కడికక్కడ చెప్పండి.

ఏ పదాలు నేర్పాలి? డిక్షనరీ సముద్రం కదా.

సముద్రమే, కానీ మనకు కావలసింది ఒడ్డునే ఉంది. మైఖేల్ వెస్ట్ అనే ఆయన ఢాకాలో ఏళ్ల తరబడి బెంగాలీ పిల్లలకు ఇంగ్లిష్ చదవడం ఎలా నేర్పాలన్నదాని మీద పనిచేశాడు. 1953లో ఆయన వెలువరించిన, ఇంగ్లిష్‌లో తరచుగా వాడే మాటల జాబితాలో సుమారు 2,000 పదాలున్నాయి. ముందు అవి రావాలి. ఆ తర్వాత న్యూజిలాండ్‌లో అవెరిల్ కాక్స్‌హెడ్ 2000లో చదువు పుస్తకాల్లో మాత్రమే తరచుగా కనిపించే 570 పద కుటుంబాలను (ఒక మాటా, దాన్నుంచి పుట్టిన రూపాలూ కలిపి ఒక కుటుంబం) ఏరి అకడమిక్ వర్డ్ లిస్ట్ తయారుచేసింది. అకడమిక్ పుస్తకాల్లోని పదాల్లో దాదాపు పదో వంతు ఈ జాబితాలోవే. ‘డిఫైన్, ఇండికేట్, డిరైవ్, వేరీ, ఫ్యాక్టర్’ లాంటివి. బోటనీకీ కామర్స్‌కీ ఇవే. వారానికి పది చొప్పున తీసుకుంటే మూడేళ్ల డిగ్రీలో తీరికగా అయిపోతాయి.

ఒక చిక్కుంది. ఈ పదాల్లో కొన్ని మన పిల్లలకు ముందే తెలుసు, వేరే అర్థంలో. ‘కాంప్లెక్స్’ అని బోర్డు మీద రాసి అర్థం అడగండి. క్లాసంతా బస్టాండు అంటుంది! విజయనగరం, శ్రీకాకుళం పిల్లలకు కాంప్లెక్స్ అంటే బస్సులు ఆగే చోటే. పుస్తకంలో ‘కాంప్లెక్స్ ప్రాబ్లమ్’ అని కనబడితే వాళ్లు తికమక పడటంలో తప్పేముంది? ‘డౌట్’ కూడా అంతే. మనకు డౌటంటే అడగాల్సిన ప్రశ్న, అక్కడ నమ్మకం లేకపోవడం. ఇలా తెలుగులో స్థిరపడిపోయిన ఇంగ్లిష్ మాటలకు నేను వేరే పేజీ పెట్టిస్తాను. నోట్సులో వాళ్లు ఇష్టపడి నింపే పేజీ అదొక్కటే.

అడిగితే నోరు విప్పరు. ఏం చెయ్యాలి?

మొదటి నెల నిలబెట్టి అడగకండి. ముందు రాయించండి, రాసింది పక్కవాళ్లకు చదివి వినిపించమనండి, తర్వాత అడగండి. చేతిలో కాగితం ఉంటే గొంతు లేస్తుంది.

ఉచ్చారణ చాలా ఘోరంగా ఉంది. సరిదిద్దాలా?

కొద్దిగా. మన మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి కాబట్టి బుక్కు, బస్సు, టెస్టు అంటాం. అర్థం చెడనప్పుడు వదిలెయ్యండి. వినేటప్పుడు మాత్రం పదం చివర ఆ అచ్చు ఉండదని అలవాటు చెయ్యాలి, లేకపోతే వేగంగా చెప్పే లెక్చరు చెవికెక్కదు.

## చదవడం, నోట్సు రాయడం

ప్రతి పదానికీ పైన తెలుగు అర్థం రాసుకుంటారు. పేజీకి గంట పడుతుంది, చివరికి ఏముందో చెప్పలేరు.

వంద పదాల్లో కనీసం 98 తెలిస్తేనే ఎవరి సాయమూ లేకుండా హాయిగా చదవగలం అని పదజాలం మీద పనిచేసినవాళ్లు అంటారు. మన పిల్లలకు వందలో పదిహేనో ఇరవయ్యో తెలియవు. కాబట్టి గీతలు గీయడం వాళ్ల బద్ధకమేమీ కాదు. పేజీకి ఆరు పదాలే చూడొచ్చు అని నిబంధన పెట్టండి. ఏ ఆరు చూడాలో వాళ్లే తేల్చుకోవాలి. శీర్షికలో ఉన్నదా, మళ్లీ మళ్లీ వచ్చిందా, అది తెలియకపోతే వాక్యం కూలిపోతుందా అని ఆలోచించడం అక్కడే మొదలవుతుంది. మొదటివారం పోట్లాడతారు, ఏడు కావాలంటారు. ఇవ్వకండి.

పొడవాటి వాక్యాలు వస్తే చేతులెత్తేస్తారు. దీనికి కిటుకేమైనా ఉందా?

ఉంది. తెలుగులో వర్ణన ముందొస్తుంది, పేరు తర్వాతొస్తుంది: ‘నిన్న పలాస నుంచి వచ్చిన కుర్రాడు’. ఇంగ్లిష్‌లో కుర్రాడు ముందొస్తాడు, పలాస తర్వాతొస్తుంది: ‘ది బాయ్ హూ కేమ్ ఫ్రమ్ పలాస యెస్టర్‌డే’. పైగా మన క్రియ వాక్యం చివర కూర్చుంటుంది, వాళ్లది మధ్యలో. మన పిల్లవాడు క్రియ కోసం చివరిదాకా పోయి, అక్కడ ఏదో పేరు కనబడి తెల్లబోతాడు.

అందుకని చదవడం ఇలా చేయించండి. అసలు క్రియ చుట్టూ పెన్సిలుతో గుండ్రం గీయాలి. ‘హూ, విచ్, దట్’ కనబడితే అక్కడ బ్రాకెట్ తెరిచి, ఆ వర్ణన ఎక్కడ ముగిసిందో అక్కడ మూయాలి. బ్రాకెట్లో ఉన్నదాన్ని వదిలేసి మిగిలినది చదవాలి. వెన్నెముక దొరికాక బ్రాకెట్లు ఒక్కొక్కటే విప్పి, తెలుగు చేసేటప్పుడు దాన్ని పేరుకు ముందుకు జరపాలి. బ్రాకెట్ ఎక్కడ మూయాలన్న దగ్గర తగువులొస్తాయి. రానివ్వండి, ఆ తగువే పాఠం.

నోట్సు డిక్టేట్ చెయ్యమని పట్టుబడతారు.

పన్నెండేళ్లు రన్నింగ్ నోట్సు మీదే బతికారు, ఒక్కరోజులో మానరు. కార్నెల్ విశ్వవిద్యాలయంలో వాల్టర్ పాక్ 1950లలో రూపొందించిన పద్ధతి మనకు బాగా సరిపోతుంది. పేజీకి ఎడమవైపు సన్నటి గడి, కుడివైపు వెడల్పాటి గడి, అడుగున నాలుగు లైన్ల జాగా. కుడివైపు విన్నది ముక్కలుగా రాయాలి. తెలుగు, ఇంగ్లిష్ ఏది తడితే అది. ఇంటికెళ్లాక ఎడమవైపు ప్రశ్నలు, అడుగున రెండు వాక్యాల సారం, ఇవి ఇంగ్లిష్‌లో. మొదట్లో మీరు వారానికి ఒక్క పేరా డిక్టేట్ చేసి వాళ్ల నోట్సుతో పోల్చుకోమనండి. మీ పేరాలో లేనిది తమ దగ్గర ఉందని ఎవరో ఒకరు కనిపెట్టేస్తారు. ఆ రోజు నుంచి డిక్టేషన్ గోల తగ్గుతుంది.

## రాయడం

తెలుగులో ఆలోచించి ఇంగ్లిష్‌లో రాస్తున్నారు. అది తప్పు కదా?

ఆలోచించడం ఏ భాషలోనైనా తప్పు కాదు. వాక్యాన్ని ఉన్నపళంగా దించడంలోనే తంటా. ‘పొద్దున్నే లేచి, తయారై, బస్సెక్కి, కాలేజీకొచ్చి, క్లాసు విన్నాను’ అని తెలుగులో ఒకే వాక్యంలో ఎన్ని పనులైనా గుచ్చుకుంటూ పోవచ్చు. అదే ఇంగ్లిష్‌లోకి వస్తే ‘అండ్, అండ్, అండ్’ అవుతుంది. రెండు పనులు దాటితే చుక్క పెట్టి కొత్త వాక్యం మొదలుపెట్టాలి అనే ఒక్క సూత్రంతో సగం తప్పులు పోతాయి. రెండోది, తెలుగులో కర్తను వదిలెయ్యొచ్చు: ‘వచ్చాను, చూశాను’. క్రియ చివరే ఎవరో చెప్పేస్తుంది. ఇంగ్లిష్‌లో ప్రతి క్రియ ముందూ మనిషినో వస్తువునో నిలబెట్టాల్సిందే.

ప్యాసివ్ వాయిస్ ఎంత చెప్పినా ఎక్కదు. ‘చేయబడెను’ అని తెలుగు చెప్పి చూశాను.

‘చేయబడెను’ అని మన ఇళ్లలో ఎవరైనా అంటారా? అందుకే ఎక్కదు. బొబ్బిలి వీణ ఎలా చేస్తారని అడగండి. ‘పనస దుంగ తెస్తారు, కోస్తారు, లోపల తొలుస్తారు’ అంటారు. ఎవరు తొలుస్తారు? చెప్పలేదు, అక్కర్లేదు కూడా. ఎవరు చేశారన్నది ముఖ్యం కానప్పుడు మనం వాడే ఆ ‘తొలుస్తారు’కు ఇంగ్లిష్‌లో జోడీ ‘ఈజ్ కార్వ్‌డ్’. ఈ ఒక్క మాటతో ల్యాబ్ రికార్డులు కూడా సర్దుకున్నాయి: ‘ది సొల్యూషన్ ఈజ్ హీటెడ్’ అంటే ‘ద్రావణాన్ని వేడిచేస్తారు’.

ఎ, యాన్, ది ఎక్కడ పెట్టాలో నాకే సరిగా చెప్పడం రాదు.

మన దగ్గర ఆర్టికల్స్ లేవు, కానీ ఆ తేడా బొత్తిగా లేకపోలేదు. ‘పుస్తకం కొన్నాను’ అంటే ఏదో ఒకటి. ‘పుస్తకాన్ని కొన్నాను’ అంటే చాలాసార్లు మనిద్దరికీ తెలిసిన ఫలానాది. ‘ది’కి మొదటి మెట్టుగా ఇది పనికొస్తుంది. అన్నిచోట్లా కుదరదు. మొదటి ఏడాది ఆర్టికల్ తప్పులకు మార్కులు కొయ్యకండి.

పేరా రాయమంటే దేశభక్తితో మొదలుపెట్టి ఎక్కడికో పోతారు.

విషయం పెద్దదైతే అంతే. ‘పర్యావరణం’ మీద రాయమంటే గైడులోని వాక్యాలే వస్తాయి. పొందూరు ఖద్దరు మీద రాయమనండి. మొదటి వాక్యం ఒక వాదన కావాలి: ఈ నేత చాలా ఓపిక అడిగే పని. రెండో వాక్యం ఎందుకో చెప్పాలి: పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో ఏకుతారు. మూడోది, దానివల్ల ఏమవుతుంది. గుడ్డ సన్నగా వస్తుందనో, రోజుకు తయారయ్యేది తక్కువనో. వాదన, ఆధారం, దాని ఫలితం. పొందూరు పిల్ల ఒకరు క్లాసులో ఉంటే చాలు, మిగతావాళ్లు రాసినదాంట్లో తప్పులు ఆ పిల్లే పడుతుంది.

గైడు నుంచి, ఫోను నుంచి యథాతథంగా దించేస్తారు. కాపీ తప్పంటే అర్థం కాదు.

అర్థం కాకపోవడానికి కారణముంది. ఉన్నదున్నట్టు అప్పజెప్పినవాణ్ని మనమే పన్నెండేళ్లు మెచ్చుకున్నాం. ఇప్పుడు అదే దొంగతనం అంటే వాడికెలా ఉంటుంది?

నేను ‘అట’ దగ్గర మొదలుపెడతాను. ‘వానొచ్చింది’ అంటే నేను చూశాను. ‘వానొచ్చిందట’ అంటే ఎవరో చెప్పారు, భారం నాది కాదు. చూసిందానికీ విన్నదానికీ తేడా చూపించే ఆ చిన్న మాటను మన ముసలమ్మలు కూడా పొరపాటు లేకుండా వాడతారు. అలా వాడకపోతే ‘నువ్వు చూశావేటి?’ అని నిలదీస్తారు. అకడమిక్ రాతలో ‘అకార్డింగ్ టు’ చేసే పని అదే. ‘అట’ ఉన్నచోటల్లా ఎవరు అన్నారో పేరు రాయాలి. ‘అట’ లేకుండా రాస్తే అది నువ్వు స్వయంగా తేల్చిన సంగతి అయి ఉండాలి. గైడు పేరాను ఇచ్చి, తెలుగులో ‘అట’ చేర్చి పక్కవాడికి చెప్పమనండి, పుస్తకం మూయించి దాన్ని ఇంగ్లిష్‌లో రాయించండి. తప్పులు బోలెడు వస్తాయి, అయినా ఆ వాక్యాలు వాళ్లవి.

ట్రాన్స్‌లేట్ యాప్‌లు, ఏఐ వాడనివ్వాలా?

చదవడానికి వాడుకోనివ్వండి, ఎటూ ఆపలేరు. రాయడం మాత్రం క్లాసులో, పెన్నుతో, మీ కళ్లముందు.

## దిద్దడం, మార్కులు

అరవై మంది. వారానికో పేరా అంటే దిద్దలేక చస్తాం.

అన్ని తప్పులూ దిద్దకండి. ఎర్రబడ్డ కాగితం ఎవరూ రెండోసారి చూడరు. వారానికి ఒకే రకం తప్పు ఎంచుకోండి. ఈ వారం కర్త లేని వాక్యాలు, వచ్చేవారం అండ్‌ల గొలుసు. తప్పున్న లైను పక్కన మార్జిన్‌లో చుక్క పెడితే చాలు, ఎక్కడుందో వాళ్లే వెతుక్కుంటారు. అరవైలో ఇరవై కాగితాలే తీసుకోండి, వారం వారం మార్చుకుంటూ. తమ వంతు ఎప్పుడో ముందే చెప్పకూడదు.

యూనివర్సిటీ పరీక్షలో ఎలాగూ బట్టీ ప్రశ్నలే. ఇదంతా ఎందుకని పిల్లలే అడుగుతున్నారు.

న్యాయమైన ప్రశ్న. నేను దాచకుండా చెప్పేస్తాను: పరీక్ష పాసవడానికి ఇందులో సగం అక్కర్లేదు. తర్వాత మూడో సెమిస్టర్ కామర్స్ పుస్తకం ఇచ్చి, వెనక చదవని పాఠం ఒకటి తెరిచి, గైడు లేకుండా పది నిమిషాల్లో సారం చెప్పమంటాను. మొదటి సెమిస్టర్ మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి. రెండు కాగితాలూ వాళ్ల చేతికే ఇస్తాను.

ఎన్నాళ్లకు ఫలితం కనిపిస్తుంది?

నోట్సులో రెండు నెలలకు. పేరాల్లో రెండో సెమిస్టర్‌కు. మాటలో ఎప్పుడన్నది చెప్పలేను, ఆడపిల్లల్లో కొందరు మూడో ఏడాది సెమినార్ దాకా గొంతు విప్పరు. ఒకమ్మాయి మాత్రం నాలుగో నెలలోనే స్టాఫ్ రూమ్‌కు వచ్చి, హిస్టరీ పుస్తకంలో ఒక వాక్యం చూపించి, ‘ఇక్కడ ఎవరన్నారో రాయలేదు సార్, అట లేదు’ అంది.